కార్తీకంలో పెరటిపని

ఇంగ్లీషువాళ్ల తోటపని పుస్తకం ఏది తిరగేసినా అక్టోబరు నెల రాగానే ఒకటే హడావుడి. మొక్కల మొదళ్లకు గడ్డి కప్పడం, డేలియా దుంపలు తవ్వి కొట్లో దాచడం, కుండీలన్నీ అద్దాల గదిలోకి చేర్చడం! అక్కడి మొక్కలకు చలికాలం గండం. మన తెలుగునాట ఆదిలాబాదు, అరకు వైపు కాస్త వణికించినా, తక్కినచోట్ల పెరటికి కార్తీక మార్గశిరాలే పండుగ రోజులు. మన మొక్కలకు దుప్పట్లు అక్కర్లేదు. కొన్నిటికి చీకటి కావాలి, కొన్నిటికి దాహం కావాలి. ఈ రెండూ దొరక్కుండా చేస్తున్నది ఎవరంటే, మనమే!

ముందు వానల సంగతి. కోస్తా జిల్లాలవారు కార్తీకం వెళ్లేదాకా తుపానును మరచిపోరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు ఎన్ని చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయో చూసినవారికి చెప్పనక్కర్లేదు. మునగచెట్టు గుబురుగా పెరిగివుంటే పైకొమ్మలు కొట్టించండి. గెల వేసిన అరటికి వెదురు పోటు పెట్టండి. కుండీల కింద పళ్లాలు తీసేసి, రెండేసి ఇటుకలమీద ఎత్తిపెట్టండి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

ఇక చామంతి. “మొక్క ఏపుగా వుంది, ఎరువు వేశాం, నీళ్లు పోస్తున్నాం, మొగ్గ మాత్రం లేదు” అనే ఫిర్యాదు ఏటా ఈ రోజుల్లో వినబడుతూనే వుంటుంది. ఎరువు మార్చేముందు, రాత్రి తొమ్మిదింటికి బయటికి వచ్చి ఆ మొక్కమీద ఏ వెలుగు పడుతున్నదో చూడండి. వరండా దీపమో, వీధి దీపమో తిన్నగా దానిమీదనే పడుతూ వుంటే దోషం అక్కడే వుంది. చామంతి రాత్రి నిడివినిబట్టి పూస్తుంది. పొద్దు తగ్గి రాత్రి పెరిగితేనే మొగ్గ కడుతుంది. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పొగాకు మొక్కలమీద ఈ రహస్యం బయటపెట్టారు. వ్యాపారానికి చామంతి పెంచేవారు దీన్నే తిరగేసి వాడుకుంటారు. పూత ఆలస్యం కావాలనుకుంటే తోటలో రాత్రిళ్లు దీపాలు వెలిగిస్తారు! మన ఇంట్లో తెలియక జరుగుతున్నదీ అదే. కుండీ అయితే చీకటి మూలకు జరపండి. నేలలో వున్న మొక్కకయితే దీపానికి అడ్డంగా ఓ తడిక నిలబెట్టండి. పూలబరువుకు వాలకుండా పుల్లలు కట్టడం మాత్రం మొగ్గ రాకముందే చెయ్యాలి.

పందిరి చిక్కుడుదీ ఇదే జాతకం. ఆషాఢంలో పెట్టినా శ్రావణంలో పెట్టినా పొద్దు తగ్గేదాకా తీగ సాగుతుందే తప్ప పూత పట్టదు. కనుక “గొడ్డుతీగ” అని తిట్టి పీకెయ్యకండి పాపం! మబ్బు పట్టినప్పుడు లేతచివర్లకు నల్లగా పేనుబంక అంటుకుంటుంది. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రంపూట ఆకుల అడుగున తడిసేటట్టు చల్లండి. కాయలు తినేవి గనుక, ఘాటైన పురుగుమందుల జోలికి పోవద్దని నా సలహా.

గులాబీకి కత్తెర వేసే కాలం ఇది. వానలు వెనుకబట్టాక ఒక తెరిపిరోజు చూసుకుని, ఎండుకొమ్మలు, సన్నపుల్లలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసెయ్యండి. మిగిలినవాటిని బయటివైపు చూసే కన్నుకు కొంచెం పైన ఏటవాలుగా కొయ్యండి. అంటు కిందినుంచి లేచిన చిగుళ్లు ఎంత అందంగా వున్నా దయతలచవద్దు. కోసిన చివరలకు మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు విడివిడిగా నానవేసి, లీటరు నీళ్లలో కలిపి రాస్తే కొమ్మ ఎండుతెగులు రాదు. ఇనప గిన్నెలో మాత్రం కలపకండి. కోసిన సుమారు 45 రోజులకు పూలు వస్తాయి. సంక్రాంతికి గులాబీలు కావాలనుకునేవారు నవంబరు నెలాఖరున కొయ్యండి.

ఆకుకూరలకు ఇంతకన్న మంచి అదను లేదు. పాలకూర, మెంతి, ముల్లంగి వారం విడిచి వారం కొంచెం కొంచెంగా చల్లితే రోజూ లేతగా దొరుకుతాయి. ధనియం ఒక్కటిగా కనిపించినా లోపల రెండు గింజలుంటాయి. అరచేతితో నలిపి రెండు పలుకులు చేసి చల్లండి.

మల్లె సంగతి ఆఖరున చెబుతున్నానంటే, దానికి ఇప్పుడు చేయవలసిన పని ఏమీ లేదు గనుకనే. చెయ్యకుండా వుండడమే కష్టం! ఆకు పసుపుబారి రాలుతూ వుంటే ఇంటి ఇల్లాలికి మనసొప్పదు. చెంబెడు నీళ్లు పోస్తుంది. ఆ చెంబెడు నీళ్లే వేసవిపూతకు చేటు. వానలు ఆగినప్పటినుంచీ నేలలో వున్న మల్లెకు నీళ్లు మానెయ్యండి. కుండీలో వుంటే బొత్తిగా ఎండిపోకుండా అప్పుడప్పుడు తడిపితే చాలు. సంక్రాంతి వెళ్లాక పొదను సగానికి కత్తిరించి, పాదు తవ్వి, చివికిన పశువుల ఎరువు వేసి, అప్పుడు నిండుగా నీళ్లు పెట్టండి. ఫాల్గుణంలో మొగ్గ కనబడుతుంది.