ఆ బీరువా తాళం తీయండి

"అడవి పిల్లలండీ, వీళ్లకు సైన్సు మీద ఆసక్తి ఎక్కడిది?" మహారాష్ట్రలోని కిన్వట్ చుట్టుపక్కల గిరిజన ఆశ్రమ పాఠశాలల ప్రస్తావన వస్తే చాలు, చదువుకున్న పెద్దమనుషులు ఈ మాట అలవోకగా అనేస్తారు. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఇది పచ్చి అబద్ధం. పైగా నోరులేని పిల్లల మీద వేస్తున్న నింద.

టేకు లేతాకును అరచేతిలో నలిపితే చెయ్యి ఎర్రగా పండుతుంది. ఈ తాలూకా పిల్లలకు ఆ సంగతి బడికి రాకముందే తెలుసు. నలిపి చూడమని వాళ్లకు ఏ సారూ చెప్పలేదు. నానిన ఇప్పపువ్వు ఎందుకు పులుస్తుంది? సహస్రకుండ్ జలపాతం కింద రాయి అంత నల్లగా ఎందుకుంది? దగ్గర్లోనే పెన్‌గంగ చల్లగా పారుతుంటే ఉనకేశ్వర్ బుగ్గలో నీళ్లు వేడిగా ఎలా ఊరుతున్నాయి? గోండు పిల్లలైనా, కోలాం పిల్లలైనా, లంబాడా పిల్లలైనా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలైనా ఇలాంటి ప్రశ్నలతోనే బడి గడప తొక్కుతారు. నాలుగైదేళ్లు తిరిగేసరికి అడగడం మానేస్తారు. ఆ నోళ్లు మూయించిందెవరో తేల్చకుండా, ఆసక్తి లేదని తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఉనకేశ్వర్ బుగ్గనే తీసుకోండి. వాన నీరు రాతి పగుళ్లలోంచి లోతుకు దిగుతుంది. భూమిలో కిలోమీటరు దిగితే సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. అలా కాగిన నీరు మరో పగులు దొరికిన చోట పైకి తన్నుకొస్తుంది. ఈ పాఠానికి కావలసింది ఒక థర్మామీటరు, ఒక నోటుపుస్తకం, ఏడాది పొడవునా నెలకోసారి బుగ్గ దాకా నడిచే ఓపిక. చలికాలంలో ఎంత వేడి, వానాకాలంలో ఎంత వేడి, ఏటి నీటికీ బుగ్గ నీటికీ తేడా ఎంత అని పిల్లలే కొలుస్తారు, పిల్లలే రాస్తారు, తేడా కనిపిస్తే ఎందుకని పిల్లలే కొట్లాడుకుంటారు. సైన్సు అంటే ఆ కొట్లాటే! దాన్ని వదిలేసి భూగర్భ ఉష్ణం నిర్వచనాన్ని మూడుసార్లు రాయించడం చదువెలా అవుతుంది?

ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. వేడికి ఇనుము సాగుతుందని చెప్పడానికి పాఠ్యపుస్తకంలో గుండు, వలయం బొమ్మ వేస్తారు. ఆ పరికరాన్ని చేత్తో పట్టుకున్న పిల్లలు ఎందరు? అదే ఊళ్లో కమ్మరి బండి గిర్రకు ఇనప పట్టా ఎక్కించడం చూసిన తాతలు ఇంకా ఉన్నారు. పట్టాను గిర్ర కంటే కాస్త చిన్నదిగా చేస్తారు, చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలుస్తారు, పట్టుకార్లతో ఎత్తి గిర్ర మీద దించుతారు, వెంటనే నీళ్లు కుమ్మరిస్తారు. పట్టా కుంచించుకుపోయి కొయ్యను బిగబట్టేస్తుంది. మేకు అక్కర్లేదు. లెక్క కూడా వేయించవచ్చు. చుట్టుకొలత 4 మీటర్లున్న ఇనప పట్టాను 500 డిగ్రీలు వేడెక్కిస్తే సుమారు రెండున్నర సెంటీమీటర్లు సాగుతుంది. కమ్మరి చేతి అంచనా, పుస్తకంలోని సూత్రం ఒకే చోట కలిసేది ఆ అంగుళం దగ్గరే. ఆ పాఠాన్ని గోడ మీది బొమ్మతో సరిపెట్టే బడి పిల్లల్ని మోసం చేస్తోంది.

మన గడ్డ మీద ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. ఇక్కడి నుంచి దక్షిణంగా గోదావరి దాటితే నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం ఉంది. అక్కడ మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చేవారు. యూరప్ వాళ్లు 'వూట్జ్' అన్న ఆ దక్కను, దక్షిణ భారత ఉక్కు రహస్యం తెలుసుకోవాలని 1819లో లండన్‌లో ఒక యువకుడు కూర్చుని దాన్ని పరీక్షించాడు. అతని పేరు మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు. చిన్నప్పుడే బడి వదిలి పుస్తకాలు కుట్టే దుకాణంలో పనికి కుదిరినవాడు. మన కొలిమి విద్య అతన్ని ప్రశ్నించేలా చేసింది. ఇవాళ కిన్వట్‌లో పదో తరగతి పిల్లలు ఫారడే పేరు బట్టీపడుతున్నారు. తమ ఊరి కొలిమికేసి మాత్రం కన్నెత్తి చూడనివ్వడం లేదు. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంది?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది రావాలి కూడా. "చేతిపని నేర్పుతామంటున్నారు, అంటే గిరిజన పిల్లల్ని బుట్టల దగ్గరే, కొలిమి దగ్గరే ఉంచేస్తారా? డాక్టరు చదువు పట్నం పిల్లలకా?" ఈ భయం ఊరికే పుట్టలేదు. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ పూట బడి పెట్టి, మిగతా పూట పిల్లలు తండ్రి పని నేర్చుకోవాలన్నారు. ఆ పథకం మొదలైనప్పటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. పెరియార్ దాన్ని కులవిద్య అని నిలదీశారు. మరుసటి ఏడాది కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక అది రద్దయింది. రద్దు కావడమే న్యాయం. కమ్మరి కొడుకును తిరిగి కొలిమిలోకి తోసే చదువును నేనూ ఒప్పుకోను. నేనడిగేది వేరు. తహసీల్దారు కూతురు కూడా కొలిమి దగ్గరకు రావాలి. కమ్మరి కొడుకు తన తండ్రి చేసే పనిలో ఎర్రగా కాల్చిన ఉక్కు నీళ్లలో ముంచితే ఎందుకు గట్టిపడుతుందో, అందులో కర్బనం ఏం చేస్తుందో తెలుసుకుని ఇంజనీరింగ్ కాలేజీ దాకా వెళ్లాలి. చేతిపని అందరికీ, భౌతికశాస్త్రం అందరికీ. ఒకటి ఒకరికి, మరొకటి మరొకరికి అన్నచోటే కులం చొరబడుతుంది.

ఇది కలేమీ కాదు. ఈ మహారాష్ట్రలోనే, పుణే దగ్గర పాబళ్ అనే ఊళ్లో, హిందుస్థాన్ లీవర్ పరిశోధనశాలలో ఉద్యోగం వదిలి వచ్చిన డాక్టర్ కల్బాగ్ 1983లో విజ్ఞాన ఆశ్రమం పెట్టారు. బడి మానేసిన పిల్లలు అక్కడ వెల్డింగ్ చేశారు, కరెంటు పని చేశారు, పొలం పని చేశారు, గుమ్మటం ఆకారపు ఇళ్లు కట్టారు. చేసిన ప్రతి పనికీ వెనకనున్న లెక్క నేర్చుకున్నారు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్సు కార్యక్రమం 1972లో పల్లె బడుల్లో మొదలై ముప్పై ఏళ్లు నడిచింది. పిల్లలు ప్రయోగం చేసి జవాబు తామే రాసుకునే పద్ధతి అది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. చిత్తూరు జిల్లా కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ బండ్లు ప్రయోగ సామగ్రిని పల్లెలకు మోసుకెళ్తున్నాయి. దారి ఎప్పుడో వేశారు. నడవాల్సినవాళ్లే నడవడం లేదు.

మనకైతే ఇంకా దగ్గరి పాఠం ఉంది. 1956 దాకా కిన్వట్ ఆదిలాబాద్ జిల్లాలోని తాలూకానే. కొమరం భీం తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ అదే జిల్లాలో మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం తెరిచాడు. పిల్లలకు తెలిసిన భాషలో, తెలిసిన లోకం నుంచి చదువు మొదలుపెట్టాలన్నది ఆ ప్రయత్నం. రాష్ట్రాల పునర్విభజనలో కిన్వట్ ఇటు వచ్చింది, మార్లవాయి అటు మిగిలింది. సరిహద్దుకు రెండు వైపులా ఆ ఆలోచనను మాత్రం గాలికొదిలేశారు. కోలామీ భాషలో కిన్వట్ మాండలికాన్ని భాషాశాస్త్రజ్ఞులు ప్రత్యేకంగా నమోదు చేశారు. ఆ మాట మాట్లాడే పిల్లకు చెట్ల గురించి, చేపల గురించి తెలిసింది మాత్రం ఏ మార్కుల జాబితాలోనూ ఎక్కదు.

కొత్త విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి దగ్గరకో, కుమ్మరి దగ్గరకో పంపమంది. మూడేళ్లలో పది రోజులు! అదైనా నిజంగా జరిగితే సంతోషమే. ఫొటోలు తీసి పంపేసి ముగించే పది రోజులైతే అక్కర్లేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. చాలా బడుల్లో ప్రయోగ సామగ్రి ఉంది, కాకపోతే బీరువాలో ఉంది, బీరువాకు తాళం ఉంది. సారుకు బద్ధకమని నేననను. గాజు బీకరు పగిలితే డెడ్ స్టాక్ రిజిస్టరులో లెక్క చెప్పుకోవాల్సింది ఆయనే. ఆడిట్ వచ్చినప్పుడు బీకరు ఏదని అడుగుతారు గానీ, పిల్లలు ఏడాదిలో ఏం ప్రశ్నలు అడిగారని ఎవరూ అడగరు. అందుకే సామగ్రి భద్రంగా ఉంటుంది, ప్రయోగాల రికార్డు పై తరగతి పిల్లల పుస్తకం చూసి దింపేస్తారు, మార్కులూ పడిపోతాయి.

కాబట్టి కిన్వట్ గిరిజన అభివృద్ధి ప్రాజెక్టు కార్యాలయానికి నేనడిగేది ఇదీ. ప్రతి ఆశ్రమ పాఠశాలకు పగిలిపోయే సామగ్రి కోసం ఏటా కొంత సొమ్ము కేటాయించండి. ఆ సొమ్ము ఖర్చు కాకపోతేనే సారును సంజాయిషీ అడగండి. కమ్మరికి, వడ్రంగికి, బుట్టలల్లే కోలాం అమ్మకు వారానికి రెండు పీరియడ్లు ఇచ్చి, అతిథి ఉపాధ్యాయులకిచ్చే రేటునే వాళ్లకూ ఇవ్వండి. డిగ్రీ కాగితం లేదని ఆ బిల్లు ఆపకండి.