చత్వారం పోయిందనుకోకండి!

ఒక సోదరి ఇలా వ్రాస్తున్నారు:

“మా నాన్నగారికి 64 ఏళ్ళు. మధుమేహం వల్ల కాలిపుండు ఎంతకీ మానక, ఆసుపత్రిలో రోజూ ప్రాణవాయువు గదిలో కూర్చోబెడుతున్నారు. 25 రోజులయింది. పుండు మానుతున్నది. విచిత్రమేమంటే, ఇన్నేళ్ళుగా కళ్ళజోడు లేనిదే అక్షరం చదవలేని మనిషి ఇప్పుడు జోడు తీసి పేపరు చదువుతున్నారు! ఆయన సంబరం ఇంతా అంతా కాదు. కాని నిన్న వీధిలో ఎదురుగా వస్తున్న మా బాబాయిని పోల్చుకోలేకపోయారు. కన్ను బాగుపడినట్టా, పాడయినట్టా? కొత్త జోడు కొనాలా? వైద్యం మాన్పించాలా?”

అమ్మా, జవాబు ముందే చెబుతాను. చత్వారం పోలేదు; కన్ను పాడైపోనూ లేదు. కొత్త జోడుకు తొందరపడవద్దు. వైద్యం అసలే మాన్పించవద్దు. కాలు దక్కడం ముఖ్యం.

మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళు. ఆ గదిలో మామూలు గాలి ఒత్తిడికి రెండు, రెండున్నర రెట్ల ఒత్తిడిలో అచ్చమైన ప్రాణవాయువు పీలుస్తారు. అది నెత్తురులో బాగా కరిగి, రక్తప్రసారం చాలని పాదానికి కూడా అందుతుంది. అయితే కంటికీ అందుతుంది! కంటిలోని కటకానికి రక్తనాళాలు లేవు. కొద్దిపాటి ప్రాణవాయువుతోనే గడుపుకొంటుంది. రోజూ ఇంత మోతాదు తగిలేసరికి అందులోని మాంసకృత్తులు మార్పు చెంది, కటకం వెలుతురును మునుపటికంటె ఎక్కువగా వంచుతుందని వైద్యుల అభిప్రాయం. అందువల్ల దగ్గరి అక్షరం తేటపడి, దూరపు ముఖం మసకబారుతుంది.

చికిత్స ముగిశాక సాధారణంగా ఆరు వారాల నుంచి మూడు నెలల్లో చూపు యథాస్థితికి వస్తుంది. కొందరికి ఇంకా ఆలస్యం కావచ్చు. కనుక పాత జోడు పదిలంగా దాచండి. అంతవరకు ఆయనను వాహనం నడపనివ్వకండి. రోడ్డు దాటేటప్పుడు ఎవరైనా తోడుండండి.

శుక్లం మాటేమిటంటారా? 1984లో స్వీడన్ వైద్యులు ప్రకటించిన పరిశీలనలో, 150 నుంచి 850 సార్లు ఈ చికిత్స పొందిన వారిలో, మొదట కటకం తేటగా ఉన్న 15 మందిలో 7గురికి శుక్లం వచ్చి చూపు తగ్గింది. మీ నాన్నగారిది అంత దీర్ఘ చికిత్స కాదు. అయినా ఇదివరకే శుక్లం ఉంటే వైద్యునికి తప్పక చెప్పండి.

మరొక్క మాట. రక్తంలో చక్కెర హెచ్చుతగ్గులైనా చూపు మారుతుంది. కాబట్టి అన్నిటికీ ప్రాణవాయువునే కారణం చేయక, చక్కెర చూపించి, కంటి వైద్యునిచేత లోపలి పొర కూడా పరీక్ష చేయించండి. హఠాత్తుగా చూపు పోయినా, తెర అడ్డుపడినట్టున్నా, కన్ను నొప్పెట్టినా ఆ రోజే వెళ్ళాలి.

నాన్నగారిని నిరుత్సాహపరచకండి. నాలుగు రోజులు జోడు లేకుండా పేపరు చదువుకోనివ్వండి. కాని అది చుట్టపుచూపుగా వచ్చిన చూపేనని మెల్లగా చెప్పండి. లేకపోతే అది వెళ్ళిపోయిన నాడు కన్ను పోయిందని బెంగపెట్టుకుంటారు.