లింకు పంపితే పాఠం చెప్పినట్టేనా?

డిగ్రీ, పీజీ చదువుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, నెలనెలా వాళ్ళ ఫోన్లకి రీచార్జి చేయిస్తున్న అమ్మానాన్నలకీ ఈ కాగితం.

రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది: రేపు క్లాసు ఆన్‌లైన్లో, లింకు ఇదీ అని. లాక్‌డౌన్ పోయి ఏళ్ళు గడిచినా ఈ మెసేజ్ మాత్రం ఆగలేదు. అప్పుడు గత్యంతరం లేక మొదలైన పని ఇప్పుడు వాటంగా కుదిరిపోయింది. లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉన్నా లింకే, వాన పడినా లింకే, మంత్రిగారి సభకి హాలు ఇచ్చేసినా లింకే.

ఆన్‌లైన్ చదువు వద్దని మేము అనడం లేదు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు మాలో చాలామంది వింటున్నారు. అర్థంకాని చోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వినొచ్చు. క్లాసులో మూడోసారి అడిగితే వెనక బెంచీ నవ్వుతుంది, వీడియో నవ్వదు. మా పేచీ పాఠంతో కాదు. పాఠం ఖర్చునీ బాధ్యతనీ విద్యార్థి నెత్తిన పెట్టి కాలేజీ పక్కకి తప్పుకోవడంతో.

2020 మార్చిలో కాలేజీలు మూసినప్పుడు ఇప్పటి డిగ్రీ పిల్లల్లో చాలామంది బడిలో ఉన్నారు. ఏం జరిగిందో మీ అన్నల్నీ అక్కల్నీ అడగండి. పాడేరు, అరకు వైపు పిల్లలు సిగ్నల్ కోసం కొండెక్కి, వానలో గొడుగు పట్టుకుని, ఫోను తడవకుండా ఒళ్ళో దాచుకుని పాఠం విన్నారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్న పనికి పట్టుకెళ్తే ఆ రోజుకి క్లాసు లేనట్టే. ఆ బ్యాచ్ బీఎస్సీ వాళ్ళు టైట్రేషన్ వీడియోలో చేశారు. చేశారనడం తప్పు, చూశారు. బ్యూరెట్ నుంచి చుక్కచుక్కా వదులుతూ, ఫ్లాస్కులో లేత గులాబీ రంగు వచ్చి నిలబడే ఆ ఒక్క చుక్క దగ్గర చెయ్యి ఆపాలి. సరిగ్గా ఆ చుక్క దగ్గర సిగ్నల్ పోయేది. బొమ్మ తేరుకునేసరికి ఫ్లాస్కు నిండా ముదురు గులాబీ. రీడింగ్ ఎంతో సారు చెప్పారు, వీళ్ళు రికార్డులో రాసుకున్నారు.

ఇలా అవుతుందని ప్రభుత్వాలకి తెలియక కాదు. 2017-18 జాతీయ నమూనా సర్వే అప్పటికే చెప్పింది: దేశంలో పల్లెటూరి ఇళ్ళలో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 14.9 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. వాటితో పాటు రీచార్జీ కూడా పెరిగింది. రోజుకి ఒకటిన్నర జీబీ చొప్పున 28 రోజులు వచ్చే జియో ప్యాకు 2020లో 199 రూపాయలు. 2021 డిసెంబరులో 239 అయింది, 2024 జులైలో 299 అయింది. అక్కాతమ్ముడూ ఇద్దరూ చదువుతుంటే ఆ ఇంటికి అది రెండింతలు. కాలేజీ ఫీజు రసీదులో ఈ డబ్బు ఎక్కడా కనపడదు.

2016 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' మీద 20 శాతం దాకా కోర్సులు చదివి క్రెడిట్లు తెచ్చుకునే వీలుండేది. యూజీసీ 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. చదవాలనుకున్న వాడికి మంచి అవకాశమే. కానీ అదే ఏడు ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియం చేశారు. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్ల గబగబా సాగే ఇంగ్లిష్ ఉపన్యాసం వింటూ ఆగిపోతే ఎవర్ని అడగాలి? పక్కన మనిషి లేడు. స్వయంలోనే నడిచే ఎన్‌పీటెల్ కోర్సుల సర్టిఫికెట్ పరీక్షకి వెయ్యి రూపాయల ఫీజు మళ్ళీ వేరే.

దూరం నుంచి చదువు చెప్పడం మన నేలకి కొత్తా? దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారే తర్వాత ఇగ్నోకి కూడా తొలి వీసీ అయ్యారు. సెల్‌ఫోనే లేని ఆ రోజుల్లో తెలుగులో అచ్చేసిన పుస్తకం చేతికిచ్చారు. దగ్గర్లోని కాలేజీలో స్టడీ సెంటర్ పెట్టి, ఎదురుగా మనిషి కూర్చుని సందేహం తీర్చే ఏర్పాటు చేశారు. నలభై ఏళ్ళ కిందట దూరవిద్య వాళ్ళకి దక్కింది, రెగ్యులర్ ఫీజు కట్టిన మనకి ఇవాళ ఎందుకు దక్కదు?

కాబట్టి ప్రిన్సిపాల్ గారిని అడగబోతున్నాం. ఆన్‌లైన్లో చెప్పిన ప్రతి పాఠం డౌన్‌లోడ్ చేసుకునేలా చిన్న సైజులో పెట్టాలి, దాంతో పాటు నోట్సు ఇవ్వాలి. సాయంత్రం ఆరింటి దాకా కంప్యూటర్ ల్యాబ్, వైఫై అందరికీ తెరిచి ఉంచాలి. ప్రాక్టికల్స్ ల్యాబులోనే జరగాలి. వారానికి ఒక గంటైనా ఆ సబ్జెక్టు చెప్పేవాళ్ళు ఎదురుగా కూర్చోవాలి. అన్నిటికన్నా ముందు, లాగిన్ చూసి హాజరు వేయడం ఆపాలి. ఇప్పుడు హాజరు పడుతున్నది ఫోనుకి, మనిషికి కాదు. లాగిన్ అయి దిండు పక్కన ఫోను పెట్టి పడుకున్నవాడికి నూటికి నూరు. సిగ్నల్ కోసం ఊరి చివరి దాకా నడిచినవాడికి 75 శాతం నిండక కాండొనేషన్ ఫీజు.

గెస్ట్ లెక్చరర్లకి కూడా ఒక మాట. పీరియడ్ లెక్కన జీతం తీసుకుంటూ మీ సొంత డేటాతో పాఠం చెబుతున్నారు మీరు. ఈ పోరు మీ మీద కాదు, మీ పోస్టులు నింపమని కూడా అడుగుతున్నాం. వీలైతే మాతో రండి.

ఈ కాగితం వెనకవైపు కావాలనే ఖాళీగా వదిలాం. ఈ వారం మీరు విన్న ప్రతి ఆన్‌లైన్ క్లాసూ అక్కడ రాయండి: సబ్జెక్టు ఏది, ఎక్కడ కూర్చుని విన్నారు, ఎన్నిసార్లు తెగింది, డేటా ఎంత అయింది, అడగాలనుకుని అడగలేకపోయింది ఏమిటి. పేరు రాయక్కర్లేదు, క్లాసు రాస్తే చాలు. "పిల్లలు ఊరికే గోల చేస్తున్నారు" అనే మాటకి మన దగ్గర జవాబు ఉండాలి. ఆ జవాబు ఈ కాగితాలే.

వచ్చే సోమవారం పొద్దున్న 10 గంటలకి కాలేజీ మెయిన్ గేటు దగ్గర కలుద్దాం. నింపిన కాగితం తెచ్చుకోండి. బస్సు దొరకని ఊళ్ళవాళ్ళు ఫొటో తీసి మీ క్లాస్ రిప్రజెంటేటివ్‌కి పంపండి, మేము రాసుకుంటాం. అమ్మానాన్నలు వస్తే ఇంకా మంచిది. 11 గంటలకి అర్జీ ఇస్తాం. వారంలో జవాబు రాకపోతే అవే కాగితాలు పట్టుకుని యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తాం. బస్సు చార్జీలకి ఇప్పటినుంచే తలా కొంత పక్కన పెట్టుకోండి.

ఇట్లు,
మీ కాలేజీ విద్యార్థులు