స్తంభాన్ని ముట్టుకోవద్దు సరే, పరీక్షించేదెవరు?



వానాకాలం మొదలైతే చాలు, మన రెండు రాష్ట్రాల డిస్కంలు ఒక ప్రకటన విడుదల చేస్తాయి. స్తంభాలను తాకవద్దు, వాటికి పశువులను కట్టవద్దు, పిల్లల్ని దగ్గరకు పోనివ్వవద్దు. మంచి మాటే. కానీ ఇనుప స్తంభంలోకి కరెంటు ఎక్కడిది? తాకిన పిల్లవాడు తెచ్చాడా?

వైరు తొడుగు చిట్లితేనో, వీధిదీపం దగ్గర చుట్టిన టేపు ఊడితేనో కరెంటు స్తంభానికి పాకుతుంది. ఫ్యూజు ఎగిరిపోవాలి కదా అంటారు. ఎగరదు. ఎర్తింగు సరిగా లేక 50 ఓంల నిరోధం ఉందనుకోండి, 230 వోల్టులకు పారేది 5 ఆంపియర్ల లోపే. 10 ఆంపియర్ల ఫ్యూజుకు అదొక లెక్కే కాదు. మనిషి గుండెకు మాత్రం ఆంపియరులో పదో వంతు చాలు. పొడి నేల మీద చెప్పులతో నిలబడి తాకినవాడికి కాస్త జిల్లుమంటుంది, అంతే. అదే స్తంభం వాన పడిన రోజు ప్రాణం తీస్తుంది. అంటే లోపం ముందునుంచే ఉంది, వెతికినవాడే లేడు.

అమెరికాలో ఇదంతా పుణ్యానికి జరిగిందనుకోకండి. 2004 జనవరిలో న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లో కుక్కలతో నడిచి వెళ్తున్న జోడీ లేన్ అనే కొలంబియా విద్యార్థిని, రోడ్డు మీది ఇనుప మూత తగిలి షాక్‌తో చనిపోయింది. ఆమె కుటుంబం ఊరుకోలేదు. ఆ తర్వాత కాన్ ఎడిసన్ కంపెనీ నగరమంతా పరీక్షిస్తే 1,214 చోట్ల వోల్టేజి బయటపడింది, ఎక్కువగా వీధిదీపాల స్తంభాల్లోనే. 2005లో ఆ రాష్ట్ర కమిషన్ ఉత్తర్వు ఇచ్చింది: జనం తాకగలిగే ప్రతి స్తంభాన్నీ, మూతనూ ఏటా పరీక్షించాలి, ఫలితాలు కమిషన్‌కు చెప్పాలి. "జాగ్రత్తగా నడవండి" అని చెప్పి వదిలేయలేదు.

మన చట్టమేమీ బలహీనం కాదు. 1997లో మధ్యప్రదేశ్‌లో ఒక కార్మికుడు రాత్రిపూట సైకిల్ మీద ఇంటికి వస్తూ, వాననీటిలో పడి ఉన్న తీగ తగిలి మరణించాడు. ఎవరో కరెంటు దొంగిలించడానికి లాగిన తీగ అది, మాకేం సంబంధం అంది బోర్డు. 2002లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఇంత ప్రమాదకరమైన సరుకు సరఫరా చేసేవాడిదే బాధ్యత, నిర్లక్ష్యం రుజువు కాకపోయినా పరిహారం తప్పదంది. అయినా 2021లో దేశంలో కరెంటు షాక్‌తో 12 వేల మందికి పైగా చనిపోయారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం లాగుతూ ఐదుగురు పోయారు. వెంటనే స్తంభాల మీది కేబుళ్ళు కోయడం మొదలుపెట్టారు. అంతకు ముందు రోజు ఆ కేబుళ్ళు ఎవరికీ కనబడలేదా?

నేనుండే శాంటా క్లారాలో కరెంటు అమ్మేది ఊరి మునిసిపాలిటీయే. 1896లో మొదలైన ఆ సంస్థ పేరు ఇప్పుడు సిలికాన్ వ్యాలీ పవర్. ఏ అనుమానమున్నా సిటీ కౌన్సిల్‌లో మైకు ముందు నిలబడి అడగొచ్చు. ఈ ఊరి డేటా సెంటర్లలో ఒక సర్వరు పది నిమిషాలు ఆగితే కారణమేమిటో తేలేదాకా మనం నిద్రపోము. ఊళ్ళో మనిషి పోతే మాత్రం "ప్రమాదవశాత్తు" అనే ఒక్క మాటతో ఫైలు మూస్తే చదివి పేజీ తిప్పేస్తాం.

డబ్బెక్కడిదంటారు. టెస్టర్ లైన్‌మన్ జేబులో పడుతుంది. ఖర్చంతా మనుషులది. ఆ ఖర్చు టారిఫ్‌లో చూపించమనండి. ఊళ్ళో మా ఇంటి బిల్లు ఇక్కణ్నుంచి కట్టేది నేనే, నాకు అభ్యంతరం లేదు.

డిస్కంలు ఏటా నవంబరు ఆఖరుకు తమ ఆదాయ అవసరాల లెక్కలు రెగ్యులేటరీ కమిషన్ ముందు పెట్టాలి. వాటిపై కమిషన్ ప్రజల నుంచి రాతపూర్వకంగా అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణ జరుపుతుంది. నేను ఈసారి రాసేది రెండే కోరికలు: జూన్‌కు ముందే ప్రతి ఇనుప స్తంభాన్నీ, వీధిదీపాన్నీ పరీక్షించాలి, ఏ వీధిలో ఎన్నిట్లో వోల్టేజి దొరికిందో, ఎన్ని బాగు చేశారో సబ్‌స్టేషన్ల వారీగా ప్రకటించాలి. మీ ఊరి డిస్కం ఏదో చూసుకుని, మీ కుటుంబం పేరున ఉన్న సర్వీసు నంబరుతో మీరూ రాయండి.