పళ్ళ కోసం ఆగిన బువ్వ

పళ్ళు రాని బిడ్డకు గట్టి తిండి పెట్టకూడదన్న మాట మా జ్యోతినగర్‌లో ఎవరూ ఎవరికీ నేర్పరు, అయినా అందరికీ తెలుసు. ఎన్‌టీపీసీ క్వార్టర్లలో ఇంజినీరు ఇంట్లో వింటాం, ప్లాంటులో కాంట్రాక్టు పని చేసుకునేవాళ్ళ బస్తీల్లో వింటాం, గోదావరిఖని సింగరేణి కాలనీల్లోనూ వింటాం. "నోట్ల పండ్లే లేవు, ఎట్ల నములుతడు బిడ్డా? గొంతుల పడితే ఎవలు జవాబు?" అని అవ్వ అడుగుతుంది. ఆమె మాటలో ప్రేమా ఉంది, భయమూ ఉంది. కోడలి దగ్గర బదులు ఉండదు. పది నెలల పిల్లవాడు తల్లిపాలతో, పప్పుకట్టుతో, మిక్సీలో నీళ్ళలా తిప్పిన అన్నంతో రోజులు వెళ్ళదీస్తుంటాడు.

అవ్వ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు పసివాడి నోట్లోనే ఉంది. సాధారణంగా 6 నుంచి 10 నెలల మధ్య కింది ముందు పళ్ళు రెండు వస్తాయి, ఆ తర్వాత పై ముందు పళ్ళు. ఇవన్నీ కొరికే పళ్ళు. అన్నాన్ని నమిలేవి దవడ పళ్ళు. పాలపళ్ళలో మొదటి దవడ పళ్ళు 13 నుంచి 19 నెలల మధ్య బయటికి వస్తాయి, రెండో జత రెండేళ్ళు నిండే వేళకో ఆ తర్వాతో వస్తుంది. నమలడానికి పళ్ళు కావాలన్నదే నిజమైతే ఏడాదిన్నర దాకా ఆగాలి. ఏ అవ్వా అంతకాలం ఆగదు. ముందు నాలుగు పళ్ళు కనబడగానే "ఇగ తింటడు" అని ముద్ద కలుపుతుంది. పిల్లవాడు తింటాడు కూడా. ఆ నాలుగు పళ్ళూ నమిలేవి కావు కాబట్టి వాడు ఆ రోజు తిన్నదీ చిగుళ్ళతోనే. నెల రోజుల ముందు కూడా అవే చిగుళ్ళు ఉన్నాయి.

ఎనిమిది నెలల బిడ్డ నోట్లో శుభ్రంగా కడిగిన వేలు పెట్టి చూస్తే ఆ చిగుళ్ళ బలం తెలుస్తుంది. మెత్తగా ఉడికిన సోరకాయ ముక్కను, అరటిపండును, గెనుసుగడ్డను, నెయ్యి వేసి మెదిపిన పప్పన్నాన్ని చిగుళ్ళు, నాలుక, అంగిలి కలిసి సులువుగా నలిపేస్తాయి. తిండి మొదలుపెట్టడానికి చూడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. బిడ్డ ఆనుకుని కూర్చోగలగాలి, మెడ నిలవాలి, నోట్లో పెట్టినదాన్ని నాలుకతో వెంటనే బయటికి తోసేయడం తగ్గాలి, పెద్దలు తింటుంటే చేయి చాపాలి. ఆరు నెలలు నిండేసరికి చాలామంది పిల్లల్లో ఇవి కనిపిస్తాయి. ఈ గుర్తుల్లో పళ్ళు లేవు. ఏడాదికి గానీ మొదటి పన్ను రాని ఆరోగ్యవంతులైన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ళ ఆకలి మాత్రం ఏడాది దాకా ఆగదు.

నమలడం వయసుతో తనంతట వచ్చేది కాదు, చేస్తూ చేస్తూ రావాల్సిన విద్య. నాలుక పక్కకు తిరగడం, ముద్దను దవడ వైపు నెట్టడం, మింగే ముందు ఆపుకోవడం — వీటికి నోట్లో పలుకు తగలాలి. బ్రిటన్‌లో ఏవన్ ప్రాంతపు పిల్లలను పుట్టినప్పటి నుంచీ వెంబడించిన పెద్ద అధ్యయనంలో, పలుకులున్న తిండి పది నెలలు దాటాక మొదలుపెట్టిన పిల్లలకు 15 నెలల వయసులో తినే ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. 2001లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఎనిమిదేళ్ళ తర్వాత అదే పిల్లలపై వచ్చిన మరో వ్యాసం, తొమ్మిది నెలలు దాటాక పలుకు రుచి చూసినవాళ్ళు ఏడేళ్ళ వయసులో పండ్లు, కూరలు తక్కువ తింటున్నారని చెప్పింది. మా కాలనీల్లో రెండేళ్ళు వచ్చినా మెతుకు తగిలితే కక్కే పిల్లలున్నారు. "వీడికి గొంతు సన్నం" అంటారు. గొంతులో లోపమేమీ లేదు. నేర్చుకోవాల్సిన నెలల్లో మిక్సీ అడ్డొచ్చింది.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది రక్తం సంగతి. కడుపులో ఉండగా తల్లి నుంచి తెచ్చుకున్న ఇనుము ఆరు నెలలకు దాదాపు తరిగిపోతుంది. తల్లిపాలు ఎంత గొప్పవైనా వాటిలో ఇనుము చాలా తక్కువ. 6–8 నెలల బిడ్డకు పాలు కాక రోజుకు సుమారు 200 క్యాలరీలు, 9–11 నెలల బిడ్డకు సుమారు 300 క్యాలరీలు బయటి తిండి నుంచి రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పప్పుకట్టులో పప్పు అడుగున ఉండిపోతుంది, పిల్లవాడికి చేరేది పసుపు నీళ్ళు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 6–8 నెలల పిల్లల్లో తల్లిపాలతో పాటు గట్టి తిండో మెత్తని తిండో అందుతున్నది 46 శాతానికే. తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. ఇంట్లో లేక పెట్టనివాళ్ళు ఉన్నారు, వాళ్ళ కష్టం వేరు. ఇంట్లో ఉండి, నమ్మకం వల్ల పెట్టనివాళ్ళ గురించే నేను మాట్లాడుతున్నాను.

సంప్రదాయం అడ్డంటే ఒప్పుకోలేను. గృహ్యసూత్రాలూ మనుస్మృతీ అన్నప్రాశనను ఆరో నెలకే చెప్పాయి. నేటి వైద్యం చెప్పే వయసూ అదే. పాతకాలం వాళ్ళు పిల్లల్ని చూసే ఆ లెక్క కట్టి ఉంటారు. ఆ లెక్క చుట్టూ పెరిగిన కంపతోనే తగాదా. మగపిల్లవాడికి సరి నెల, ఆడపిల్లకు బేసి నెల అంటారు. ఆడపిల్లకు అయిదో నెల కుదరకపోతే ఏడు, ఏడు తప్పితే తొమ్మిది. మూఢం వస్తే ముహూర్తాలు లేవని ఇద్దరికీ వాయిదా. గురుడో శుక్రుడో సూర్యుడి వెలుగులో కనిపించకుండా పోవడానికీ, బిడ్డ ఒంట్లో తరిగిపోతున్న ఇనుముకూ సంబంధం ఏమిటో ఏ పంచాంగమూ చెప్పలేదు. సరి, బేసి నెలల తేడా ఆడపిల్ల కడుపుకు తెలియదు. ఎదురుచూసిన ముహూర్తం వచ్చాక జరిగేది ఒక చెంచా పాయసం, పళ్ళెంలో పుస్తకం, కలం, బంగారం, కత్తి పెట్టి దేన్ని పట్టుకుంటాడో చూడటం, ఫొటోలు. మర్నాటి నుంచి మళ్ళీ పాలసీసా, "పండ్లు రానీయ్" అన్న మాట. పండుగ చేయండి, చుట్టాల్ని పిలవండి, నాకు అభ్యంతరం లేదు. ఆ మర్నాడు పొద్దున రెండు ముద్దలు, సాయంత్రం రెండు ముద్దలు పెట్టకపోతే అన్నప్రాశన జరగనట్టే.

ఇక పై పళ్ళ సంగతి. కిందివి రాకుండా పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండమంటారు. బొగ్గుబాయిలో పనిచేసే మేనమామ ఉన్న ఇంట్లో ఈ మాట ఎంత బరువో ఈ ప్రాంతంలో బతికినవాళ్ళకే తెలుస్తుంది. తమ్ముడు నైట్ షిఫ్టుకు దిగిన రాత్రి అక్క బిడ్డ నోరు తెరిచి చూసుకుంటుంది. పై చిగురు తెల్లబడితే ఆమెకు కూడు సయించదు. శాంతులకు డబ్బు ఖర్చవుతుంది. బిడ్డను చూసే చూపు మారుతుంది. అది అన్నిటికంటే పెద్ద నష్టం. ఏడెనిమిది నెలల పసిదాన్ని "మామను మింగేటందుకే పుట్టింది" అనడం నేను విన్నాను.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ పదిహేడు మందిలో ఎందరో ఎవరికో మేనమామలు. వాళ్ళను చంపింది నీరు. గని ప్రమాదాలకు పేర్లున్నాయి: నీటి ముంపు, పైకప్పు కూలడం, విషవాయువు, యంత్రాలు. ప్రతిదానికీ కారణం వెతకొచ్చు, బాధ్యుల్ని అడగొచ్చు, తర్వాతి షిఫ్టును కాపాడుకోవచ్చు. పసిబిడ్డ పన్ను మీదికి కారణం నెట్టేస్తే ఆ ప్రశ్నలన్నీ ఆగిపోతాయి. పళ్ళు వచ్చే వరుస బిడ్డ బిడ్డకూ కొద్దిగా మారుతుంది. కొందరికి పైవి ముందొస్తాయి, అంతే.

పళ్ళ మీద మోపిన ఇంకో నేరం విరేచనాలు, జ్వరం. "పండ్లొస్తున్నయి, అందుకే పారుతున్నయి" అన్న మాట వల్ల ఆస్పత్రికి చేరడంలో ఆలస్యమై ప్రాణాల మీదికి రావడం అరుదు కాదు. ఇది మన ఒక్కరి మూఢత్వం కాదు. 1842లో లండన్‌లో ఏడాది లోపు చనిపోయిన పిల్లల్లో దాదాపు 5 శాతం మందికి మరణకారణం "పళ్ళు రావడం" అని అధికారిక లెక్కల్లో రాశారు. యూరప్ వైద్యులు శతాబ్దాల పాటు పసివాళ్ళ చిగుళ్ళను కత్తితో కోశారు. 2000 సంవత్సరంలో అమెరికాలో 125 మంది పిల్లల్ని రోజూ గమనించి, 475 పళ్ళు బయటపడటాన్ని నమోదు చేసిన అధ్యయనం వచ్చింది. పన్ను వచ్చే రోజుల్లో చొల్లు కారడం, చిగుళ్ళు రుద్దుకోవడం, చిరాకు, ఒళ్ళు కాస్త వెచ్చబడటం కనిపించాయి. విరేచనాలకూ, ఎక్కువ జ్వరానికీ పన్నుతో సంబంధం దొరకలేదు. ఆ వయసులోనే బిడ్డ పాకుతుంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది, తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గుతుంది. విరేచనాలు అక్కడి నుంచి వస్తాయి. చేయాల్సింది ఓఆర్‌ఎస్, 14 రోజులు జింకు, తల్లిపాలు, మామూలు తిండి. పన్ను పేరు చెప్పి తిండి మాన్పిస్తే నీరసించిన ఒంటిని మరింత ఎండగట్టినట్టే.

గొంతులో పడుతుందన్న భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. అది నిజమైన ప్రమాదం. అయితే పళ్ళను కొలతగా పెట్టుకున్నందువల్ల అది తగ్గడం లేదు, పెరుగుతోంది. ఆరు పళ్ళు వచ్చిన ఏడాది పిల్లవాడికి "పండ్లొచ్చినయి గదా" అని పల్లీలు, పుట్నాలు, పచ్చి క్యారెట్ ముక్క చేతికిస్తారు. ముందు పళ్ళతో ముక్క కొరుకుతాడు, నలిపే దవడ పళ్ళు లేవు, గట్టి ముక్క నేరుగా గొంతుకు జారుతుంది. పళ్ళు లేనప్పుడు మెత్తని ముద్దకు భయపడిన ఇల్లే, నాలుగు పళ్ళు చూసి పల్లీకి ధైర్యం చేస్తుంది. పల్లీలు, పుట్నాలు నాలుగైదేళ్ళ దాకా గింజగా ఇవ్వకూడదు. పల్లీ పొడిగా ముద్దలో కలపొచ్చు. ద్రాక్షను నిలువునా చీల్చి ఇవ్వాలి. బిడ్డ కూర్చునే తినాలి, పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. కొత్త పలుకు తగిలితే ఓక్ మని ముందుకు తోసేయడం నేర్చుకోవడంలో భాగం, అందులో బిడ్డ ఏడుస్తుంది, దగ్గుతుంది. నిజంగా అడ్డుపడితే గొంతు పెగలదు, దగ్గు రాదు. అప్పుడు ఏడాది లోపు బిడ్డను బోర్లా ముంజేతి మీద తల కిందికి పెట్టి వీపు మీద అయిదు చరుపులు, తిప్పి రొమ్ము మధ్యన రెండు వేళ్ళతో అయిదు ఒత్తిళ్ళు, అడ్డు పోయేదాకా మార్చి మార్చి. నోట్లో గుడ్డిగా వేలు పెట్టి కెలకకూడదు. ఈ విద్య ప్రతి అవ్వకూ నేర్పాలి. ఆమె భయానికి మనం ఇవ్వగలిగిన గౌరవం ఇదే.

పిల్లవాడికి వేరే వంట అక్కరలేదు. కారం, ఉప్పు వేయకముందే పప్పులోంచి, కూరలోంచి ఓ గరిటె తీసి పెట్టి చేత్తో మెదిపితే చాలు. పాలలో నానిన జొన్నరొట్టె, మక్క గటక, ఉడికిన గుడ్డు, ముల్లు తీసిన చేప అన్నీ పనికొస్తాయి. ఎనిమిదో నెల నుంచి మెత్తని ముక్క చేతికే ఇవ్వొచ్చు. ఏడాదికల్లా ఇంటిల్లిపాదీ తినేదే వాడూ తింటాడు. తేనె మాత్రం ఏడాది లోపు నాకించొద్దు. అంగన్‌వాడీ నుంచి ఏడో నెల దాటిన బిడ్డ పేరున బాలామృతం, గుడ్లు వస్తాయి. గుడ్డు వేడి, అరటిపండు జలుబు అంటూ ఆ గుడ్లను ఇంట్లో పెద్దపిల్లలు తింటారు. ఆ గుడ్డు ఎవరి పేరున వచ్చిందో వాడి నోట్లోకి ఒక్క పన్ను లేకపోయినా పోవాలి.

తొమ్మిదో నెలలో తట్టు, రుబెల్లా టీకాకు దాదాపు ప్రతి బిడ్డా ఆరోగ్య కేంద్రానికి వస్తుంది. సూది వేసే ఏఎన్‌ఎం, పక్కనుండే ఆశా, అంగన్‌వాడీ టీచర్ ఆ రోజు ఒక్క ప్రశ్న అడగాలని నా విన్నపం: నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా బిడ్డ ఏమేం తిన్నది? జవాబు పాలు, పప్పుకట్టు దగ్గరే ఆగితే తల్లిని కసరకుండా, వెంట వచ్చిన అవ్వను దగ్గర కూర్చోబెట్టుకుని, అక్కడే ఒక అరటిపండు ముక్క ఆ బిడ్డ చేతికిచ్చి తినిపించి చూపాలి.