ఎడమనున్న సున్న

పాఠశాలల కార్యాలయములలో పెద్ద రిజిస్టరులకు మారుగ ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీట్లు వచ్చి చాలకాలమైనది. విద్యార్థుల పేర్లు, మార్కులు, బ్యాంకు ఖాతాలు అన్నియు అందు గడులలో నమరియుండును. పైయధికారులకుగాని బ్యాంకునకుగాని పంపవలసినప్పుడు ఆ పట్టికను సీఎస్‌వీ యను సాదా టెక్స్ట్ ఫైలుగ మార్చుదురు. అందు గీతలుండవు, రంగులుండవు. వరుసకొక పంక్తి, గడికిని గడికిని నడుమ నొక కామా, అంతియే. ఈ మార్పునందు అంకెలు తమ రూపమును గోల్పోవుచున్నవి. ఇది గుమాస్తాల గొడవ, మనకేల యని కొందరనవచ్చును. ఖాతా సంఖ్య తప్పి ఉపకారవేతనము చేరనప్పుడు నష్టపడువాడు గుమాస్తా కాడు, విద్యార్థి.

అంకెలన్నియు లెక్కలు గావు, కొన్ని పేర్లు. ఈ భేదమును గుర్తింపకపోవుటయే చిక్కులన్నిటికిని మూలమని మా యభిప్రాయము. ఫీజు 500 రూపాయలనుట లెక్క. దానిని కూడవచ్చును, తీసివేయవచ్చును. హైదరాబాదు టెలిఫోను కోడు 040, విజయవాడది 0866. వీనిని కూడిన నేమి వచ్చును? ఇవి అంకెల వేషము వేసికొనిన పేర్లు. ఎడమనున్న సున్నకు విలువ లేదని మనము చిన్న తరగతులనుండియు చెప్పుచున్నాము. లెక్కకది నిజమే, పేరునకు గాదు. యంత్రమునకీ భేదము తెలియదు. 040 అని కొట్టగనే 40 అని వ్రాసికొనును. సున్నతో నారంభమగు బ్యాంకు ఖాతాకును అదే గతి.

ఆధారు సంఖ్యకు మఱియొక యాపద కలదు. దాని 12 అంకెలను సాధారణపు గడిలో వ్రాసినచో, ఎక్సెల్ మొదటి యాఱంకెలను మాత్రము సవరించి చూపి, తక్కినవానికి బదులుగ ‘ఇ’ యను ఆంగ్లాక్షరమును, +11 ను చేర్చును. గడిలో పూర్తి సంఖ్య యున్నను, సీఎస్‌వీగ దాచునప్పుడు కంటికి కనబడు రూపమే ఫైలునకెక్కును. ఆ ఫైలు అందుకొనినవారు పోయిన యంకెలను ఎన్నటికిని తెలిసికొనజాలరు. 16 అంకెల సంఖ్యయైనచో గడిలోనే కడపటి యంకె సున్నగ మారిపోవును. ఎక్సెల్ 15 అంకెలవఱకే నిలుపుకొనును.

కనబడినదే వ్రాయుట లెక్కలకును క్షేమము గాదు. ఒక విద్యార్థి సగటు 34.6 అనుకొందము. దశాంశములు చూపవలదని గడికి చెప్పియున్నచో 35 అని కనబడును, ఫైలునందును 35 అనియే పడును. ఉత్తీర్ణతకు 35 హద్దయిన చోట ఆ రెంటి నడుమ దూరమెంతయో తల్లిదండ్రులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. యంత్రము దయగలదని పిల్లలు సంతోషింతురు కాబోలు! కాని 35.4 తెచ్చుకొనిన వానిని కూడ అదే మెట్టుపై నిలుపుచున్నది గదా. 12,34,567 అని లక్షలు తెలియునట్లు పెట్టు కామాలు సైతము మన కన్నులకే సుఖము. ఎక్సెల్ అట్టి సంఖ్యను ఉద్ధరణ చిహ్నముల నడుమ నుంచి కాపాడును. చదువు యంత్రము ఆ చిహ్నములను లక్ష్యపెట్టనిచో ఒక్క సంఖ్య మూడు ముక్కలగును. కావున లెక్కలను అలంకారము తీసి పూర్తి విలువతోను, పేర్లను ఒక్క సున్నయైన పోకుండ ఉన్నవున్నట్లుగను పంపవలెను.

ఉపాయము కష్టము గాదు. అంకెలు కొట్టకమునుపే ఆ నిలువు వరుసను ‘టెక్స్ట్’ అని నిర్ణయింపవలెను. పిమ్మట నిర్ణయించినచో పోయిన సున్న తిరిగి రాదు. సరిచూచుటయందు మోసపోవుట మఱియు సులభము. ఫైలు చక్కగనే తయారగును. దానిని రెండుమారులు నొక్కి ఎక్సెల్‌లోనే తెఱతురు. అది మరల 040 ని 40 గ చదువును. చూచినవారు సున్న ముందే పోయినదనుకొందురు, లేక గమనింపక అట్లే దాచుదురు. అప్పుడు నిజముగనే పోవును. సరిచూడవలసినది నోట్‌ప్యాడు వంటి సాదా పుటయందు.

పండితులును దీనికి లోబడిరి. మానవ జన్యువులలో ‘మార్చ్1’, ‘సెప్ట్1’ అను పేర్లను ఎక్సెల్ తేదీలుగ మార్చివేయుచుండెను. ఎక్సెల్ పట్టికలలో జన్యువుల జాబితాలు జతపఱచిన శాస్త్రవ్యాసములను 2016లో పరిశీలింపగా సుమారు అయిదింట నొకటి యిట్లు చెడియుండెను. తుదకు జన్యువులకు పేర్లు పెట్టు సంఘమువారు ఆ పేర్లనే మార్చుకొని, ఆ సంగతిని 2020లో ప్రకటించిరి. మనుష్యుని యొడలిలోని జన్యువులే యంత్రమునకు దారి విడువవలసివచ్చెను! 2023లో మైక్రోసాఫ్టువారు ఈ గుణమును ఆపుకొనుటకు వీలు కల్పించిరి. ఆపుకొనవలసినది మాత్రము వాడువారే.

కంప్యూటరు తరగతులలో కూడికలును రంగుల పటములును నేర్పుటకు ముందే, ఏ వరుస లెక్కయో ఏ వరుస పేరో అడుగుట నేర్పవలెనని మేము కోరుచున్నాము. ఫైలు కోరు అధికారులును ఏ సంఖ్యకెన్ని యంకెలుండవలెనో ముందుగ వ్రాసి పంపుట న్యాయము. తల్లిదండ్రులు కార్యాలయమునకు వచ్చినప్పుడు పాసుపుస్తకమును వెంట దెచ్చి, తమ పిల్లల ఖాతా సంఖ్యను ఎడమనుండి ఒక్కొక్క యంకెగ పోల్చి చూతురుగాక.