నాటకం నేర్చుకునే మిత్రుడికి ఏ కాలేజీ?

చదవబోతే అక్షరాల దగ్గర తడబడే విద్యార్థిని "మొద్దు" అనేస్తుంటాం. హాస్టల్ డే నాటకంలో మాత్రం అతడే విన్న డైలాగులు పొల్లుపోకుండా చెప్తాడు. అలాంటివాడు నాటకం చదువుతానంటే ఆపకూడదని మా అభిప్రాయం. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటక సమాజంలో పిల్లలు తరతరాలుగా పెద్దలను చూసి, విని నేర్చుకున్నవారే కదా!

ఈ చదువుకు వైరా నుంచి హైదరాబాదు వెళ్లాలి. అక్కడ సెంట్రల్ యూనివర్సిటీలో, తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖలున్నాయి. పి.జి.లో చేరాలంటే ముందు డిగ్రీ పూర్తిచేయాలి. పేరు చూసి కాక, ఈ సంగతులు అడిగి ఎంచుకోవాలి. నటనకు మార్కులెన్ని, రాతపరీక్షకు ఎన్ని? పాఠాలు రికార్డు చేసుకోనిస్తారా? హాస్టల్ సీటు ఇస్తారా?

చదవడంలో వచ్చే ఈ ఇబ్బందిని డిస్లెక్సియా అంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. వైద్యుల ధ్రువపత్రం ఉంటే పరీక్షలో రాసిపెట్టే మనిషిని, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయాన్ని అడగవచ్చు.

సార్లకు, తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే: అలాంటి పిల్లలకు పదో తరగతిలోపే వైద్య పరీక్ష చేయించండి. ప్రతిభ ఉండీ, కాగితం లేక మా మిత్రుడు వెనుకబడిపోకూడదు.